నాయనకు షుగర్, గుండెకు స్టెంట్: పేగు బ్యాక్టీరియా ట్రీట్‌మెంట్‌కు డబ్బు కట్టొచ్చా?

మీరు అడిగింది క్లుప్తంగా ఇదీ. మీ నాయనకు 61 ఏళ్లు, ఊరు దేవరకొండ దగ్గర. పదేళ్లకు పైగా షుగర్ ఉంది, పోయిన దసరా ముందు గుండెకు స్టెంట్ వేశారు, మొన్నటి హెచ్‌బీఏ1సీ (మూడు నెలల సగటు షుగర్ చెప్పే పరీక్ష) 8.6 వచ్చింది. హైదరాబాద్‌లో ఒక వెల్‌నెస్ సెంటర్ వాళ్లు మలం పరీక్ష చేసి, పేగుల్లో మంచి బ్యాక్టీరియా బాగా తగ్గిపోయిందని రిపోర్టు ఇచ్చారు. మూడు నెలల క్యాప్సూల్ కోర్సుకు 42 వేలు అడిగారు. రెండో నెల నుంచి షుగర్ గోలీ మెట్‌ఫార్మిన్ ఆపేయొచ్చని, కొలెస్ట్రాల్ గోలీ కూడా అక్కర్లేదని చెప్పారు. ఇది నమ్మొచ్చా, మలమార్పిడి అనేది ఇంకా మంచిదా, ఈత కల్లులో కూడా మంచి బ్యాక్టీరియా ఉంటుందని నాయన అంటున్నాడు నిజమేనా అని అడిగారు.

ముందు అసలు మాట. ఏ గోలీ ఆపొద్దు. స్టెంట్ వేసుకున్న మనిషి రక్తం గడ్డకట్టకుండా ఇచ్చే గోలీలు డాక్టర్ చెప్పకుండా ఆపితే స్టెంట్‌లోనే గడ్డ కట్టి మళ్లీ గుండెపోటు రావచ్చు. కొలెస్ట్రాల్ గోలీ, అంటే స్టాటిన్, రిపోర్టులో నంబరు తగ్గించడానికి మాత్రమే ఇచ్చేది కాదు, రక్తనాళం లోపల పేరుకున్న కొవ్వు పగలకుండా కాపాడేది కూడా అదే. 42 వేలు కట్టొద్దు. అడ్వాన్స్ ఇచ్చి ఉంటే వెనక్కి అడగండి.

నేను నల్లగొండలో జనరల్ ఫిజీషియన్‌ని. నా దగ్గరకు వచ్చేవాళ్లలో ఎక్కువమంది షుగర్, బీపీ, గుండె జబ్బు మూడూ కలిసి ఉన్నవాళ్లే. ఈ మధ్య చాలామంది ఇలాంటి రంగురంగుల రిపోర్టులు పట్టుకొని వస్తున్నారు. అందుకే కొంచెం వివరంగా రాస్తున్నాను.

పేగు బ్యాక్టీరియాకు, షుగర్‌కు సంబంధం ఉందన్నది అబద్ధం కాదు. మనం తినే పీచును మన శరీరం అరిగించుకోలేదు. అది పెద్దపేగు దాకా వెళ్తుంది, అక్కడి బ్యాక్టీరియా దాన్ని పులియబెట్టి బ్యుటిరేట్, ప్రొపియొనేట్, అసిటేట్ అనే చిన్న కొవ్వు ఆమ్లాలు తయారుచేస్తుంది. బ్యుటిరేట్ పేగు గోడ కణాలకు ఆహారం. ఈ ఆమ్లాలు పేగులోని కొన్ని కణాలను కదిలించి జీఎల్‌పీ-1 అనే హార్మోన్ విడుదలయ్యేలా చేస్తాయి. ఆ హార్మోన్ ఇన్సులిన్ సరైన సమయానికి వచ్చేలా చేస్తుంది, ఆకలి తగ్గిస్తుంది. ఇప్పుడు బరువు తగ్గడానికి, షుగర్‌కు అందరూ మాట్లాడుకుంటున్న సెమాగ్లూటైడ్ ఇంజెక్షన్ ఆ హార్మోన్‌ను పోలిన మందే. కాకపోతే పేగులో సహజంగా వచ్చే దానికంటే దాని బలం ఎన్నో రెట్లు ఎక్కువ, పనిచేసే కాలమూ ఎక్కువ.

2012లో చైనా శాస్త్రవేత్తలు 345 మంది మలం నమూనాల్లోని జన్యువులను చదివారు. షుగర్ ఉన్నవాళ్లలో బ్యుటిరేట్ తయారుచేసే బ్యాక్టీరియా తక్కువగా కనిపించింది. మరుసటి ఏడాది యూరప్ మహిళల మీద జరిగిన అధ్యయనంలో కూడా ఇలాంటి తేడాలే కనిపించాయి. ‘మంచి బ్యాక్టీరియా తగ్గింది’ అనే ప్రచారానికి మూలం ఇదే. కానీ 2015లో యూరప్ బృందం ఒకటి ఈ లెక్కలను మళ్లీ విడదీసి చూసింది. షుగర్ వల్ల అనుకున్న మార్పుల్లో చాలా భాగం ఆ రోగులు వాడుతున్న మెట్‌ఫార్మిన్ వల్ల వచ్చినవని తేలింది. మీ నాయన మెట్‌ఫార్మిన్ వాడుతున్న మనిషి. ఆ రిపోర్టు చదివినవాళ్లు ఈ సంగతి లెక్కలోకి తీసుకున్నారో లేదో అడగండి.

ఇక్కడే నేను మీకు గట్టిగా చెప్పదలచుకున్నది ఉంది. 2017లో స్వీడన్‌లోని గోథెన్‌బర్గ్ బృందం, అప్పటిదాకా షుగర్ మందు వాడని వాళ్లకు నాలుగు నెలలు మెట్‌ఫార్మిన్ ఇచ్చి చూసింది. వాళ్ల పేగు బ్యాక్టీరియా బాగా మారింది. మందు వాడిన తర్వాత తీసిన మలాన్ని, పేగుల్లో ఏ సూక్ష్మజీవీ లేకుండా పెంచిన ఎలుకలకు ఎక్కిస్తే ఆ ఎలుకలు గ్లూకోజ్‌ను మెరుగ్గా తట్టుకున్నాయి. అంటే మెట్‌ఫార్మిన్ కాలేయం మీదే కాదు, పేగు మీద, పేగులోని బ్యాక్టీరియా ద్వారా కూడా పనిచేస్తుంది. పేగు బ్యాక్టీరియాను మార్చి షుగర్ తగ్గించే మందుల్లో మనకు అన్నిటికంటే బాగా తెలిసినది, దశాబ్దాల అనుభవం ఉన్నది, నెలకు చాలా తక్కువ ఖర్చయ్యేది, పీహెచ్‌సీలో ఉచితంగా కూడా ఇచ్చేది ఇదే. పేగు బాగుచేస్తామని చెప్పేవాళ్లు ముందుగా ఆపమనే గోలీ ఇదే కావడం నన్ను బాగా బాధపెడుతుంది.

మెట్‌ఫార్మిన్ వల్ల కొందరికి గ్యాస్, విరేచనాలు వస్తాయి. అది కూడా పేగులో జరిగే మార్పే. భోజనం మధ్యలో వేసుకుంటే, తక్కువ డోసుతో మొదలుపెట్టి పెంచితే, లేదా మెల్లగా కరిగే రకం తీసుకుంటే చాలామందికి తగ్గుతుంది. ఏళ్ల తరబడి వాడితే బీ12 విటమిన్ తగ్గవచ్చు. మీ నాయనకు అరికాళ్లు మంటలు, తిమ్మిర్లు ఉంటే ‘షుగర్ వల్లే’ అని వదిలేయకుండా ఒకసారి బీ12 పరీక్ష చేయించండి.

ఇప్పుడు ఆ రిపోర్టు సంగతి. మీరు పంపిన పేజీలో ఎరుపు, పసుపు, ఆకుపచ్చ గీతల మధ్య ఒక బాణం గుర్తు ఉంది, దాని పక్కన ‘డిస్‌బయోసిస్ స్కోర్’ (పేగు బ్యాక్టీరియా తూకం ఎంత తప్పిందో చెప్పే లెక్క) అని ఉంది, కింద అక్కర్‌మాన్సియా అనే బ్యాక్టీరియా తక్కువ అని ఎర్రగా రాసి ఉంది. పరగడుపున రక్తంలో చక్కెర 126 దాటితే షుగర్ అన్నట్టుగా, అక్కర్‌మాన్సియా ఇంత ఉండాలి అనే ఒప్పుకున్న హద్దు ఇప్పటిదాకా లేదు. ఒకే నమూనాను రెండు ల్యాబ్‌లకు పంపితే రెండు రకాల జవాబులు రావచ్చు. ముందు రోజు ఏం తిన్నారు, విరేచనం పలుచగా అయిందా గట్టిగా అయిందా, నెల రోజుల్లో యాంటీబయాటిక్ వాడారా, ఇవన్నీ ఫలితాన్ని మారుస్తాయి. నిల్వ ద్రవం లేకుండా తీసిన నమూనా మే నెల ఎండలో కొరియర్ బండిలో తిరిగితే, లోపల కొన్ని బ్యాక్టీరియా పెరిగి కొన్ని చచ్చి లెక్కే మారిపోతుంది. పరిశోధనకు ఈ పరీక్ష పనికొస్తుంది. మీ నాయనకు ఏ మందు ఇవ్వాలో తేల్చడానికి పనికిరాదు.

క్యాప్సూల్స్‌లో నిజంగా కొంత ఆశ కలిగించేవి ఉన్నాయి. అక్కర్‌మాన్సియా మ్యూసినిఫిలా అనే బ్యాక్టీరియాను 2004లో నెదర్లాండ్స్‌లోని వాగెనింగన్‌లో గుర్తించారు. పేగు గోడ మీది జిగురు పొరలో ఉంటుంది. 2019లో బెల్జియంలో బరువు ఎక్కువున్న వాళ్లకు మూడు నెలలు ఇచ్చి చూశారు. ట్రయల్ పూర్తిచేసింది 32 మంది. వేడిచేసి చంపిన అక్కర్‌మాన్సియా తీసుకున్నవాళ్లలో ఇన్సులిన్ పనితనం మెరుగైంది, కొలెస్ట్రాల్ కొద్దిగా తగ్గింది. బతికున్న దానికంటే చంపినదే మెరుగ్గా పనిచేయడం అందరినీ ఆశ్చర్యపరిచింది. మంచి పరిశోధన. కానీ 32 మంది, మూడు నెలలు, వాళ్లెవరూ మీ నాయనలా స్టెంట్ వేసుకున్నవాళ్లు కాదు.

అమెరికాలో ఐదు రకాల బ్యాక్టీరియా కలిపిన ఒక క్యాప్సూల్‌ను 2020లో 76 మంది షుగర్ రోగుల మీద 12 వారాలు పరీక్షించారు. ఉత్తుత్తి క్యాప్సూల్ తీసుకున్నవాళ్లతో పోలిస్తే హెచ్‌బీఏ1సీ సుమారు 0.6 తగ్గింది. పరీక్ష జరిపింది ఆ క్యాప్సూల్ తయారుచేసే కంపెనీయే. 0.6 చిన్న విషయమేమీ కాదు, కానీ మెట్‌ఫార్మిన్ ఒక్కటే దాదాపు 1 నుంచి 1.5 దాకా తగ్గించగలదు. 8.6 ఉన్న మనిషి మెట్‌ఫార్మిన్ ఆపేసి ఇది మొదలుపెడితే లెక్క ఎటు పోతుందో మీరే చూడండి. కొలెస్ట్రాల్‌కు కూడా ఒక రకం ల్యాక్టోబాసిల్లస్ రూటెరీని 127 మంది మీద 9 వారాలు వాడి చూస్తే ఎల్‌డీఎల్ (చెడు కొలెస్ట్రాల్) సుమారు 11-12 శాతం తగ్గింది. పిత్తరసాన్ని విడగొట్టి, కాలేయం కొత్త పిత్తం కోసం కొలెస్ట్రాల్ వాడుకునేలా చేయడం దాని పద్ధతి. మంచిదే. కానీ మీ నాయన రాత్రి వేసుకునే స్టాటిన్ సరైన డోసులో సగానికి సగం తగ్గిస్తుంది, మరణాలు కూడా తగ్గిస్తుందని ఎన్నో పెద్ద ట్రయల్స్‌లో రుజువైంది. ఏ ప్రొబయాటిక్‌కూ గుండెపోటు ఆపిన రుజువు లేదు.

మందుల షాపులో దొరికే ప్రొబయాటిక్ పొట్లాల గురించి ఎక్కువ చెప్పను. మీ అబ్బాయికి యాంటీబయాటిక్ వల్ల విరేచనాలైతే డాక్టర్ రాస్తే వాడండి. షుగర్ కోసం, గుండె కోసం కొనొద్దు.

మలమార్పిడి గురించి అడిగారు. ఆరోగ్యంగా ఉన్న మనిషి మలం నుంచి బ్యాక్టీరియాను తీసి రోగి పేగులోకి ఎక్కించడం అది. 2012లో ఆమ్‌స్టర్‌డామ్‌లో బరువెక్కువైన మగవాళ్లకు సన్నటి వాళ్ల మలం ఎక్కిస్తే ఆరు వారాలకు ఇన్సులిన్ పనితనం మెరుగైంది. ప్రపంచమంతా దాని గురించి మాట్లాడుకుంది. అదే బృందం 2017లో 38 మంది మీద మళ్లీ చేసింది. ఆరు వారాలకు మెరుగు కనిపించింది, అదీ కొందరిలోనే. 18 వారాలకు అందరూ మళ్లీ మొదటికొచ్చారు. విత్తనం ఎంత మంచిదైనా ఎండిన చెలకలో చల్లితే నిలవదు కదా, అంతే. తిండి మారకపోతే కొత్త బ్యాక్టీరియా అక్కడ నిలబడదు. 2019లో అమెరికాలో, సరిగా పరీక్షించని దాత మలం నుంచి మందులకు లొంగని ఈకోలీ బ్యాక్టీరియా సోకి ఒక రోగి చనిపోయాడు, అక్కడి ఔషధ సంస్థ హెచ్చరిక జారీచేసింది. అక్కడ 2022, 2023లలో ఆమోదం పొందిన రెండు మల ఆధారిత మందులు కూడా మళ్లీ మళ్లీ వచ్చే క్లాస్ట్రిడియాయిడిస్ డిఫిసిల్ అనే పేగు ఇన్ఫెక్షన్‌కు మాత్రమే. షుగర్‌కు, గుండెకు ఎక్కడా ఆమోదం లేదు. ఎవరైనా చేస్తామంటే వెళ్లొద్దు, యూట్యూబ్ చూసి ఇంట్లో చేసుకోవడం అసలే వద్దు.

గుండె వైపు సైన్స్ కూడా లోతైనదే. గుడ్డు సొనలోని కోలిన్‌ను, మటన్‌లోని కార్నిటిన్‌ను కొన్ని పేగు బ్యాక్టీరియా టీఎంఏ అనే పదార్థంగా మారుస్తాయి, కాలేయం దాన్ని టీఎంఏఓగా మారుస్తుంది. అమెరికాలోని క్లీవ్‌లాండ్ క్లినిక్ బృందం 2013లో 4,007 మందిని మూడేళ్లు గమనిస్తే, టీఎంఏఓ ఎక్కువున్న పావు భాగం మందిలో గుండెపోటు, పక్షవాతం, మరణం తక్కువున్న వాళ్లకంటే రెండున్నర రెట్లు కనిపించాయి. అయితే కిడ్నీ సరిగా పనిచేయకపోయినా టీఎంఏఓ పెరుగుతుంది, సముద్రపు చేప తిన్నా పెరుగుతుంది. కాబట్టి అది జబ్బుకు కారణమా, జబ్బు గుర్తు మాత్రమేనా అన్నది ఇంకా తేలలేదు. దాన్ని ఆపే పదార్థాలు ఎలుకల్లో పనిచేశాయి, మనుషులకు మందు ఇంకా రాలేదు. టీఎంఏఓ టెస్టు చేయించకండి. మటన్ తగ్గించమని చెప్పడానికి ఆ టెస్టు అవసరం లేదు. దావత్ ఉన్న రోజు నాలుగు ముక్కలు చాలు, బోటీ, తలకాయ వద్దు. గుడ్డు గురించి భయపడనక్కర్లేదు.

ఈ సైన్స్ ఎంత లోతుకు వెళ్తుందో చెప్పడానికి ఒక్క మాట. గుండెకు వాడే డిగాక్సిన్ కొందరిలో సరిగా పనిచేయదు, ఎందుకంటే వాళ్ల పేగులోని ఎగర్తెల్లా లెంటా అనే బ్యాక్టీరియా ఆ మందును నిర్వీర్యం చేస్తుంది. ఇలాంటివి ఇంకా బయటపడతాయి. రేపు నిజమైన మందులు వస్తాయని నాకు నమ్మకం ఉంది. ఈ రోజు మీ నాయన చేతిలో ఉన్నది మాత్రం గోలీలు, తిండి.

తిండి సంగతికి వద్దాం, ఎందుకంటే ఇందులో రుజువు గట్టిగా ఉంది. 2018లో షాంఘై బృందం 43 మంది షుగర్ రోగులను రెండు గుంపులు చేసింది. రెండు గుంపులకూ అకార్బోస్ అనే షుగర్ గోలీ ఇచ్చారు. ఒక గుంపుకు మామూలు డైట్, ఇంకో గుంపుకు రకరకాల ముడి ధాన్యాలు, పీచు బాగా ఉన్న డైట్. 12 వారాలకు పీచు గుంపులో 89 శాతం మందికి హెచ్‌బీఏ1సీ 7 లోపుకు వచ్చింది, మామూలు గుంపులో 50 శాతం మందికే వచ్చింది. బ్యుటిరేట్ తయారుచేసే బ్యాక్టీరియా ఎక్కువైన వాళ్లకే మేలు ఎక్కువ జరిగింది. గమనించండి, ఎవరూ గోలీ ఆపలేదు. గోలీ, పీచు రెండూ కలిసి పనిచేశాయి.

ఆ పీచు కొత్తగా ఎక్కడినుంచో తెచ్చుకోవాల్సిన పని మనకు లేదు. దేవరకొండ వైపు ఒకప్పుడు జొన్నలు, సజ్జలు, కందులు, ఉలవలే తిండి. 1967లో నాగార్జునసాగర్ నీళ్లు ఎడమ కాలువకు వచ్చాక మిర్యాలగూడ, హుజూర్‌నగర్ వైపు వరి పరుచుకుంది, మిర్యాలగూడ మిల్లులు దేశంలోనే పేరు తెచ్చుకున్నాయి. 1983లో రెండు రూపాయల కిలో బియ్యం వచ్చింది. ఆ బియ్యం ఎంతమంది ఆకలి తీర్చిందో మా తరానికి తెలుసు. కానీ ఇప్పుడు పొద్దున ఇడ్లీ, మధ్యాహ్నం తెల్లటి అన్నం, రాత్రి తెల్లటి అన్నం అయిపోయింది. బియ్యాన్ని ఎంత తెల్లగా పాలిష్ పడితే తవుడు అంత పోతుంది, పీచు తవుడులోనే ఉంటుంది. తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ 2017లో ముద్రించిన పట్టికల ప్రకారం 100 గ్రాముల పాలిష్ బియ్యంలో పీచు 3 గ్రాముల లోపే, జొన్నల్లో 10 గ్రాములు, రాగుల్లో 11, పొట్టుతో ఉన్న పెసర్లలో 17. మీ నాయనకు రోజుకు 25 నుంచి 30 గ్రాములు కావాలి.

మా క్లినిక్‌లో నేను తరచూ చూసేది చెబుతాను. అన్నం మానేసి రాగి జావ తాగుతున్నామని చాలామంది వస్తారు. రెండు గ్లాసులు, పలుచగా, మెత్తగా. తాగిన రెండు గంటలకు మీటర్‌లో చూస్తే అన్నం తిన్నప్పటికంటే ఎక్కువ వస్తుంది. పిండి ఎంత మెత్తగా ఉండి, ఎంత పలుచగా ఉడికితే చక్కెర అంత తొందరగా రక్తంలోకి పోతుంది. జొన్న గటక కూడా అంతే, ఎక్కువ తింటే షుగర్ పెరుగుతుంది. జొన్నలో కూడా పిండి పదార్థం బియ్యానికి దగ్గరగానే ఉంటుంది. అందుకని రొట్టె చేయించండి. రాత్రికి రెండు జొన్న రొట్టెలు, పక్కన గిన్నె నిండా కూర. ఆ కూర గోకరకాయ, బెబ్బెర్లు, అనుములు, బీరకాయ, గంగవాయిలి కూర పప్పు ఏదైనా సరే. గోకరకాయ జిగురు పీచు షుగర్‌ను మెల్లగా ఎక్కనిస్తుంది. నాయనకు పళ్లు ఊడిపోయి రొట్టె నమలలేకపోతే పప్పులోనో చల్లలోనో నానబెట్టి తినిపించండి. ఈ వయసులో షుగర్ ఉన్నవాళ్లకు చిగుళ్లు దెబ్బతినడం మామూలే, నమలలేకే అన్నం మెత్తగా కలుపుకొని తింటారు. దంత డాక్టర్‌కు చూపించడం కూడా షుగర్ వైద్యంలో భాగమే.

మధ్యాహ్నం అన్నం పూర్తిగా మానిపించొద్దు, మానిపిస్తే వారం కూడా నిలవదు. అన్నం సగానికి తగ్గించి ఆ జాగాలో ముందు కూర, పప్పు తినిపించి, తర్వాత అన్నం తినమనండి. వరస మార్చినంత మాత్రానే తిన్నాక షుగర్ తక్కువ ఎక్కుతుందని పరీక్షల్లో తేలింది. పొద్దున ఇడ్లీ బదులు వారంలో నాలుగు రోజులు ఉలవలో పెసర్లో శనగలో రాత్రి నానబెట్టి, పొద్దున కుక్కర్‌లో మూడు నాలుగు విజిల్స్ వేసి, ఉల్లిగడ్డ, నిమ్మరసం వేసి గుడాలు పెట్టండి. ఉలవచారు రుచిగా ఉంటుంది కానీ పీచు గింజల్లో ఉంటుంది, చారులో కాదు. బత్తాయి మన జిల్లా పంట, జ్యూస్ వద్దు. తొనలను వాటి పొరలతో సహా నమిలి ఒక కాయ తింటే చాలు.

ఒక జాగ్రత్త, ఇది మర్చిపోవద్దు. నాయన గ్లిమిపిరైడ్ లాంటి గోలీ గానీ ఇన్సులిన్ గానీ తీసుకుంటుంటే, అన్నం తగ్గించిన రోజుల్లో షుగర్ ఒక్కసారిగా పడిపోవచ్చు. చెమటలు, వణుకు, తల తిరగడం వస్తే వెంటనే మూడు చెంచాల గ్లూకోజ్ నీళ్లలో కలిపి ఇవ్వండి. తిండి మార్చే ముందే డాక్టర్‌కు చెబితే డోసు తగ్గిస్తారు. తినకముందు, తినడం మొదలుపెట్టిన రెండు గంటలకు మీటర్‌తో చూసి నోట్‌బుక్‌లో రాయండి. తిన్నాక 180 లోపు ఉంటే బాగున్నట్టే. పీచు వారానికి కొంచెం చొప్పున పెంచండి, ఒక్కసారి పెంచితే కడుపు ఉబ్బుతుంది, ‘నాకు పడలేదు’ అని మానేస్తారు. కిడ్నీ పనితీరు చెప్పే క్రియాటినిన్ ఎక్కువుంటే పప్పులు, కొబ్బరి నీళ్లు, ఆకుకూరలు డాక్టర్‌ను అడిగాకే పెంచాలి. వార్ఫరిన్ లాంటి మందు వాడితే ఆకుకూరలు రోజూ ఒకే మోతాదులో ఉండాలి.

ఇసబ్‌గోల్ వేయొచ్చు. ఎల్‌డీఎల్ కొంచెం, షుగర్ కొంచెం తగ్గిస్తుంది, ఖర్చు తక్కువ. పెద్ద గ్లాసుడు నీళ్లతో తాగించండి, గోలీలకు రెండు గంటల ఎడం ఉంచండి.

చల్ల రోజూ ఇవ్వండి, ఉప్పు లేకుండా. 2021లో అమెరికాలోని స్టాన్‌ఫర్డ్‌లో 36 మందిని సగం సగం చేసి పది వారాలు ఒక గుంపుకు పులిసిన తిండి, ఇంకో గుంపుకు పీచు తిండి ఎక్కువగా ఇస్తే, పులిసిన తిండి గుంపులో బ్యాక్టీరియా రకాలు పెరిగాయి, ఒంట్లో వాపు సూచించే 19 ప్రొటీన్లు తగ్గాయి. పీచు గుంపులో రకాలు అంతగా పెరగలేదు. కాబట్టి రెండూ ఉండాలని నా అభిప్రాయం. ఇంట్లో తోడుపెట్టిన పెరుగులోని బ్యాక్టీరియా పేగులో స్థిరపడదు, వచ్చి పోతుంది, అందుకే రోజూ కావాలి. మామిడికాయ తొక్కు, చింతకాయ తొక్కు మాత్రం ఈ లెక్కలోకి రావు. వాటిలో ఉప్పు ఎక్కువ. ఉప్పు ఎక్కువైతే బీపీ పెరగడమే కాదు, ల్యాక్టోబాసిల్లస్ రకాలు కూడా తగ్గుతాయని 2017లో ఒక అధ్యయనంలో కనిపించింది. గుండె రోగికి తొక్కు నాలుకకు రాసుకునేంతే.

కల్లు గురించి నాయనకు చెప్పండి. పులిసిన ద్రవం కాబట్టి అందులో ఈస్ట్, బ్యాక్టీరియా ఉంటాయి, నిజమే. కానీ ఆల్కహాల్ కూడా ఉంటుంది. షుగర్ గోలీలు, ఇన్సులిన్ తీసుకుని తాగితే రాత్రి షుగర్ పడిపోవచ్చు, మత్తు అనుకొని ఇంట్లో వాళ్లు పట్టించుకోరు. పాలమూరు వైపు కల్తీ కల్లులో అల్ప్రాజోలం, డయాజిపాం, క్లోరల్ హైడ్రేట్ కలిపిన కేసులు ఎన్నోసార్లు పట్టుబడ్డాయి. చెట్టు దగ్గర అప్పుడే దించినదైనా మందుగా వద్దు.

జ్వరం వచ్చిన ప్రతిసారీ ఊళ్లో ఆర్‌ఎంపీ దగ్గర యాంటీబయాటిక్ సూది వేయించుకోవడం పేగు బ్యాక్టీరియాకు చేసే పెద్ద నష్టం. అవసరమైతే వాడాలి, వైరల్ జ్వరానికి అక్కర్లేదు. గ్యాస్ గోలీ కూడా పేగు బ్యాక్టీరియాను మారుస్తుంది, కానీ మీ నాయనకు పాంటోప్రజోల్ రాసి ఉంటే ఆపొద్దు. రక్తం పలుచన చేసే గోలీల వల్ల కడుపులో రక్తస్రావం కాకుండా ఇచ్చి ఉంటారు.

ఇప్పుడు మిగిలిన ఆ 42 వేల గురించి. షుగర్, గుండె జబ్బు రెండూ ఉన్నవాళ్లకు ఎంపాగ్లిఫ్లోజిన్ అనే గోలీ ఉంది. 2015లో 7 వేల మందికి పైగా మీద జరిగిన ట్రయల్‌లో గుండె జబ్బుతో వచ్చే మరణాలు 38 శాతం తగ్గాయి. 2025 మార్చిలో మన దేశంలో దాని పేటెంట్ ముగిసింది, చాలా కంపెనీలు తయారుచేస్తున్నాయి, ధర బాగా తగ్గింది. నాయన చీటీలో అది ఉందో లేదో చూడండి, లేకపోతే ఎందుకు లేదో కార్డియాలజిస్టును అడగండి. అది మూత్రంలో చక్కెరను బయటకు పంపుతుంది కాబట్టి మూత్ర భాగంలో ఫంగస్ రావచ్చు, శుభ్రంగా ఉంచుకోవాలి. ఏప్రిల్, మే నెలల్లో చేను పనికి పోతే నీళ్లు బాగా తాగాలి, వాంతులు విరేచనాలైన రోజుల్లో డాక్టర్‌ను అడిగి ఆపాలి. స్టాటిన్ డోసు చాలుతుందా అనేది కూడా అడగండి. స్టెంట్ ఉన్న మనిషికి ఎల్‌డీఎల్ 70 లోపు, వీలైతే 55 లోపు ఉండాలి.

వచ్చే వారం డాక్టర్ దగ్గరకు వెళ్లేటప్పుడు వేసుకునే గోలీలన్నీ, వాటి షీట్లతో సహా, ఒక కవర్‌లో వేసుకెళ్లండి. క్రియాటినిన్, బీ12, ఎల్‌డీఎల్ చేయించండి. మూడు నెలల తర్వాత హెచ్‌బీఏ1సీ చేయించి, మీటర్ నోట్‌బుక్‌లో రాసిన నంబర్లతో కలిపి ఇక్కడ పెట్టండి, చూసి చెబుతాను.